మా అపార్ట్‌మెంట్ ఎస్టీపీ ఎంత ఖర్చుతో ఎంత పని చేస్తోంది? ఒక ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి 24

నిన్న కమిటీ మీటింగులో ట్రెజరర్ గారు నెల లెక్క చదివారు. ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) నిర్వహణ ఖర్చు కిలోలీటరుకు 25 రూపాయల 60 పైసలు. ట్యాంకరు నీళ్లు 110. "మన ప్లాంటు బాగానే నడుస్తోందన్నమాట" అన్నారు. అందరూ సరేనన్నారు. నాకు మాత్రం ఆ 25.60 ఎలా వచ్చిందో అర్థం కాలేదు. ఇంటికొచ్చి కాగితం మీద వేసి చూశాను. నెల ఖర్చు 1,15,200 రూపాయలను 4,500 కిలోలీటర్లతో భాగించారు. 4,500 అంటే రోజుకు 150 కిలోలీటర్లు, 30 రోజులు. కానీ 150 అన్నది ప్లాంటు కట్టినప్పటి డిజైన్ సామర్థ్యం. నిజంగా రోజూ ఎన్ని నీళ్లు వస్తున్నాయో ఎవరూ కొలవలేదు.

నేను చదివింది ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్. ఉద్యోగంలో పెద్ద ప్లాంట్ల రిపోర్టులు చూస్తుంటాను కానీ, మా సొంత సెల్లార్‌లో ఉన్న ప్లాంటును ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా పట్టించుకోలేదు. అందుకే ఈ ప్రాజెక్టు. తెలుసుకోవాలనుకున్నవి రెండు. మేం పెడుతున్న డబ్బుకు, కరెంటుకు ప్లాంటు ఎంత మురికిని తీసేస్తోంది? ఆ పని వల్ల పర్యావరణానికి మొత్తం మీద ఎంత మేలు, ఎంత కీడు?

మాది మియాపూర్ వైపు. 5 బ్లాకులు, 240 ఫ్లాట్లు, సెక్యూరిటీ రిజిస్టర్ ప్రకారం దాదాపు 820 మంది. ప్లాంటు ఎంబీబీఆర్ రకం. ట్యాంకులో వేళ్ల మధ్య పట్టేంత ప్లాస్టిక్ చక్రాలు వేలకొద్దీ తేలుతుంటాయి, వాటి మీద బ్యాక్టీరియా పొరలా పెరుగుతుంది, కింద నుంచి బ్లోవర్ గాలి కొడుతుంది.

మార్చి 2

ముందు ఖర్చు లెక్క. రెండేళ్ల బిల్లులన్నీ ట్రెజరర్ గారి దగ్గర ఫైలులో ఉన్నాయి. నెలకు కరెంటు 47,700, ఇద్దరు ఆపరేటర్లకు 42,000, రిపేర్ల సగటు 11,000, హైపో, పాలిమర్ లాంటి కెమికల్స్ 7,500, బురద తీసుకెళ్లే బండికి 4,000, ల్యాబ్ పరీక్షలకు 3,000. మొత్తం 1,15,200. ఇందులో తప్పేమీ లేదు, పైసా పైసా రాసి పెట్టారు. తప్పు ఎక్కడైనా ఉంటే అది భాగహారం కింద పెట్టిన అంకెలోనే.

ఈ చిక్కు మాదొక్కరిదే కాదు, దేశం మొత్తానికీ ఉంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో ఇచ్చిన లెక్కలో నగరాల నుంచి రోజుకు 72,368 మిలియన్ లీటర్ల మురుగునీరు వస్తోంది. కట్టిన ప్లాంట్ల సామర్థ్యం 31,841. నిజంగా శుద్ధి అవుతున్నది 20,236. సామర్థ్యాన్ని చెప్పుకుంటే 44 శాతం, పనిని చెప్పుకుంటే 28 శాతం. శుద్ధి కాకుండా మిగిలిన నీరంతా నాలాల్లో, నదుల్లో, చెరువుల్లో కలుస్తోంది.

మార్చి 8, 9

శని, ఆదివారాలు నీళ్లు కొలవడంతోనే సరిపోయింది.

ఫిల్టర్ తర్వాత పైపుకు ఫ్లో మీటరు ఉంది. నిన్నటిదాకా దాని రీడింగే నమ్ముదామనుకున్నాను. రోజుకు 121 చూపిస్తోంది. ఆపరేటర్‌ను (నేను తమ్ముడు అనే పిలుస్తాను, శ్రీకాకుళం అబ్బాయి, ప్లాంటులో ఏ వాల్వు ఎటు తిరుగుతుందో కళ్లు మూసుకుని చెప్తాడు) "ఫ్లషింగ్ ట్యాంకు నిండితే ఏమవుతుంది?" అని అడిగాను. "పొంగిన నీళ్లు మళ్లీ మొదటి ట్యాంకులోకే పోతాయి మేడం" అన్నాడు. అంటే అవే నీళ్లు మళ్లీ ప్లాంటులోకి వచ్చి, మళ్లీ శుద్ధై, మళ్లీ మీటరు గుండా పోతున్నాయి. ఫిల్టర్ బ్యాక్‌వాష్ నీళ్లదీ అదే కథ. మీటరు అబద్ధం చెప్పడం లేదు, కానీ ఒకే నీటిని రెండుసార్లు లెక్కపెడుతోంది.

అందుకని పాత పద్ధతిలోకి దిగాం. ఆ ఓవర్‌ఫ్లో పైపును మూసేశాం. మురుగునీరు మొదట చేరే ఈక్వలైజేషన్ ట్యాంకు 6 మీటర్లకు 5 మీటర్లు, అంటే 30 చదరపు మీటర్లు. మట్టం 10 సెంటీమీటర్లు పెరిగితే 3 కిలోలీటర్లు వచ్చినట్టు. గంటకోసారి లిఫ్టింగ్ పంపు కాసేపు ఆపి, మూత దగ్గర నుంచి బరువు కట్టిన టేపు దించి మట్టం రాసుకున్నాం. తెల్లవారుజామున 3 నుంచి 4 మధ్య పెరిగింది 2 సెంటీమీటర్లే. ఉదయం 7 నుంచి 8 మధ్య 32.

ఒక్క మాట ఇక్కడ గట్టిగా చెప్పాలి. కొలతల కోసమని, క్లీనింగ్ కోసమని ఎవరూ మురుగు ట్యాంకులోకి దిగకూడదు, ఎవరినీ దించకూడదు. హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువ మోతాదులో ఉంటే ముందు వాసన తెలియడం ఆగిపోతుంది, ఆ తర్వాత మనిషి పడిపోతాడు. కాపాడబోయి దిగినవాడూ అక్కడే పడిపోతాడు. రక్షణ ఏర్పాట్లు లేకుండా మనిషిని దించడం మాన్యువల్ స్కావెంజింగ్‌ను నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. మా కొలతలన్నీ పైనుంచే. ఈ విషయం మా ప్లాంటు తలుపు మీద కూడా రాయించాను.

రెండు రోజుల మొత్తం: శనివారం 96, ఆదివారం 104. మళ్లీ సోమవారం ఒక రోజు కొలిచాడు తమ్ముడు, 95. పనిరోజుకు 96 అనుకుందాం. సరిచూడ్డానికి ఇంకో దారి ఉంది. మంచినీళ్లు రోజుకు 92 కిలోలీటర్లు, ఫ్లషింగ్‌కు శుద్ధి చేసిన నీళ్లు 30, కలిపి 122 ఇళ్లలోకి వెళ్తున్నాయి. వాడిన నీటిలో 80 శాతం మురుగుగా తిరిగొస్తుందని మన ఇంజినీర్లు వేసే అంచనా. అంటే 97.6. నా టేపు 96 చెప్పింది. ఆ రాత్రి చాలా సంతోషంగా నిద్రపోయాను.

కిలోలీటరుకు 25.60 కాదు, 40 రూపాయలు.

మార్చి 16

మొదటి ల్యాబ్ రిపోర్టు వచ్చింది. లోపలికొచ్చే నీటి బీఓడీ (మురికిని తినడానికి బ్యాక్టీరియాకు కావాల్సిన ఆక్సిజన్, అంటే నీటిలో మురికికి కొలత) లీటరుకు 140 మిల్లీగ్రాములు, బయటికి పోయేది 8. చూడ్డానికి బాగుంది. కానీ మనిషి లెక్కన వేస్తే కుదరలేదు. 140ని రోజుకు 96 కిలోలీటర్లతో గుణించి 820 మందితో భాగిస్తే మనిషికి 16 గ్రాములు. మన దేశంలో ప్లాంట్లు డిజైన్ చేసేవాళ్లు వాడే సీపీహెచ్ఈఈఓ మాన్యువల్ మనిషికి రోజుకు 27 గ్రాములు తీసుకోమంటుంది. అంత తేడా మనుషుల్లో ఉండదు, శాంపిల్‌లోనే ఉండాలి. అడిగితే తెలిసింది: ల్యాబ్ కుర్రాడు వచ్చింది మధ్యాహ్నం రెండున్నరకు. ఆ వేళ వచ్చేవి ఎక్కువగా బట్టలు ఉతికిన నీళ్లు. ఒక సీసా నింపుకుని వెళ్లిపోయాడు. రెండేళ్లుగా రిపోర్టులన్నీ ఇలాంటి సీసాల నుంచే.

ఈసారి 24 గంటల కాంపోజిట్ శాంపిల్ తీయాలి. గంటకో సీసా, థర్మాకోల్ పెట్టెలో ఐసు, ఆఖర్న ఆయా గంట ఎన్ని నీళ్లొచ్చాయో ఆ పాళ్లలో కలపాలి.

ఉగాది మర్నాడు

రోజు ఎంచుకోవడంలో పొరపాటు చేశాను. సెలవు కదా, ఖాళీగా ఉంటానని కాంపోజిట్ శాంపిల్ ఉగాది రోజున పెట్టుకున్నాను. పండగ పూట అందరూ తలంట్లు పోసుకుంటారు, ఇల్లు కడుగుతారు, వంటలూ ఎక్కువే. ఆ రోజు 118 కిలోలీటర్లు వచ్చాయి. బీఓడీతో పాటు నూనె, గ్రీజు కూడా మామూలు కన్నా బాగా పైనున్నాయి. పండగ రోజు ప్లాంటు ఎలా తట్టుకుంటుందో తెలిసింది, అదీ అవసరమే. సగటు లెక్కకు మాత్రం పనికిరాదు.

ఏప్రిల్ 6

మామూలు బుధవారం రోజున మళ్లీ తీశాం. రాత్రి ఒంటి గంట, రెండు, మూడు సీసాలు ఆపరేటర్ తమ్ముడు నింపాడు. మన దేశంలో బీఓడీ పరీక్ష 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు పెడతారు, చల్లని దేశాల్లోలా 20 డిగ్రీల్లో అయిదు రోజులు కాదు. అందుకే రిపోర్టు శనివారానికే వచ్చింది.

లోపలికి 230, బయటికి 8. మనిషికి 26.9 గ్రాములు.

ఆ అంకె చూసి నేను గట్టిగా అరిచినంత పని చేశాను. టేపుతో కొలిచిన నీళ్లు, సెక్యూరిటీ రిజిస్టర్‌లో మనుషులు, ఐసు పెట్టెలో సీసాలు, ఈ మూడూ ఒకదానితో ఒకటి సంబంధం లేని కొలతలు. మూడూ కలిపి మాన్యువల్ చెప్పిన 27 దగ్గరికే తెచ్చాయి. ఇక మీదట వచ్చే లెక్కను నమ్మొచ్చు.

ఇప్పుడు అసలు పట్టిక. ప్లాంటుకు విడిగా పెట్టించిన ఎనర్జీ మీటరు రోజుకు 177 యూనిట్లు చూపిస్తోంది, అందులో బ్లోవర్ ఒక్కటే 141. రోజుకు తీసేస్తున్న బీఓడీ 21.3 కిలోలు. కాబట్టి కిలోలీటరుకు 1.84 యూనిట్లు. కిలో బీఓడీ తీయడానికి 8.3 యూనిట్లు, 180 రూపాయలు.

నాణ్యత విషయంలో ప్లాంటుకు వంక పెట్టలేం. కేంద్ర పర్యావరణ శాఖ 2017 నోటిఫికేషన్ మహానగరాలకు బీఓడీ 20 లోపు ఉండాలంది. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ 10కి తగ్గించాలని చెప్పింది. మాది 8. కానీ ఇంత కరెంటు పోసి 8 తెచ్చుకోవాలా, తక్కువ కరెంటుతోనూ 8 వస్తుందా అన్నది చూడాలి.

పట్టికలో నన్ను ఎక్కువ బాధపెట్టిన వరుస ఇంకొకటి. 96లో మళ్లీ వాడుకుంటున్నది 38 (ఫ్లషింగ్‌కు 30, తోటకు 8). మిగతా 58 కిలోలీటర్లు రాత్రి పూట పంపు పెట్టి బయట డ్రైనేజీలోకి వదిలేస్తున్నాం. అదే నెలలో ట్యాంకర్లూ కొంటున్నాం. మొత్తం ఖర్చును వాడుకున్న నీటితో మాత్రమే భాగిస్తే కిలోలీటరుకు 101 రూపాయలు. ట్యాంకరు ధర 110. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి కమిటీ గ్రూపులో పంపాను.

ఏప్రిల్ 13

ఇతర కమ్యూనిటీలతో పోల్చి చూద్దామనిపించింది. తెలిసినవాళ్ల ద్వారా ఇంకో అయిదు ప్లాంట్ల వివరాలు దొరికాయి. ఇలాంటి పోలికకు పరిశోధకులు ఎక్కువగా వాడేది డేటా ఎన్వలప్‌మెంట్ అనాలిసిస్. చార్న్స్, కూపర్, రోడ్స్ 1978లో ఇచ్చిన పద్ధతి. ప్రతి ప్లాంటుకూ తనకు అనుకూలమైన తూకం తనే ఎంచుకునే అవకాశం ఇస్తుంది. అలా ఎంచుకున్నా ఇంకొకరు తన కన్నా తక్కువ ఖర్చుతో అంతే పని చేసి చూపిస్తే, ఆ ప్లాంటు మార్కు ఒకటి కన్నా తగ్గుతుంది.

స్ప్రెడ్‌షీట్‌లో సాల్వర్ పెట్టి నడిపాను. పెట్టుబడి వైపు కరెంటు, ఖర్చు. ఫలితం వైపు తీసిన బీఓడీ, తిరిగి వాడిన నీళ్లు. ఆరింటిలో అయిదింటికి పూర్తి మార్కులు! పోల్చాల్సిన ప్లాంట్లు కనీసం పెట్టుబడులు, ఫలితాలు కలిపిన సంఖ్యకు మూడు రెట్లు ఉండాలని వాడుకలో ఒక నియమం ఉంది. నాకు 12 కావాలి, ఉన్నవి ఆరు. తక్కువ మంది ఉంటే ప్రతి ఒక్కరూ ఏదో ఒక దాంట్లో ముందే కనిపిస్తారు.

అంతకన్నా పెద్ద లోపం ఇంకొకటి. పూర్తి మార్కులు వచ్చిన ఒక ప్లాంటులో బయటికి పోయే బీఓడీ 28. సరిగ్గా శుభ్రం చేయకుండా కరెంటు మిగుల్చుకుంటే అది పొదుపు కాదు. నా అభిప్రాయంలో బయటి నీరు ప్రమాణం దాటిన ప్లాంటును పోలికలోకే రానివ్వకూడదు. ముందు అర్హత, తర్వాతే పొదుపు. ఆ ప్లాంటువాళ్లకు ఫోన్ చేసి చెప్పాను, మీడియా (బ్యాక్టీరియా పెరిగే ఆ ప్లాస్టిక్ చక్రాలు) నిండుగా ఉందో లేదో చూసుకోమన్నాను. పద్ధతిని ప్రస్తుతానికి పక్కన పెట్టాను. ఇంకో ఆరు ప్లాంట్లు దొరికితే మళ్లీ చూస్తాను.

ఏప్రిల్ 20

బ్లోవర్.

పాత సహోద్యోగి దగ్గర డీఓ మీటరు అరువు తెచ్చుకున్నాను. నీటిలో కరిగిన ఆక్సిజన్ ఎంతుందో చూపిస్తుంది. రాత్రి మూడింటికి లీటరుకు 6.1 మిల్లీగ్రాములు, ఉదయం ఎనిమిదిన్నరకు 4.0. నీరు 30 డిగ్రీలుంటే, హైదరాబాద్ ఎత్తులో, ఎంత గాలి కొట్టినా 7.1కి అటూఇటూగానే ఆగిపోతుంది. ఆక్సిజన్ ఎంత వేగంగా కరుగుతుందన్నది ఆ గరిష్ఠానికీ ఇప్పుడున్న దానికీ మధ్య ఖాళీ మీద ఆధారపడుతుంది. రాత్రి ఖాళీ 1.0, పొద్దున 3.1. కాబట్టి అదే కరెంటుతో రాత్రి నీటికి అందుతున్న ఆక్సిజన్ పొద్దున్నదాంట్లో మూడో వంతే. నిండిన కుండలోకి ఇంకా నీళ్లు పోస్తున్నట్టుంది.

48,000 పెట్టి వీఎఫ్‌డీ డ్రైవ్ (మోటారు వేగాన్ని తగ్గించే, పెంచే పరికరం) బిగించాం. దీని గురించి ఒక అపోహ ఉంది. వేగం కాస్త తగ్గిస్తే కరెంటు వాడకం వేగం ఘనం (క్యూబ్) లెక్కన పడిపోతుందని అమ్మేవాళ్లు చెప్తారు. సెంట్రిఫ్యూగల్ ఫ్యాన్ల విషయంలో అది నిజమే. మాది రూట్స్ బ్లోవర్. నీటి లోతు మారదు కాబట్టి అది ఎదుర్కొనే ఒత్తిడీ మారదు, కరెంటు వేగంతో పాటే తగ్గుతుంది, అంతే. మేం ఆ లెక్కనే వేసుకున్నాం.

50 హెర్ట్జ్ నుంచి మొదట 33కి దించి చూశాను. సాయంత్రానికి ఒక మూల ప్లాస్టిక్ చక్రాలు కదలకుండా గుట్టగా చేరాయి. మర్నాడు పొద్దున డీఓ 2.4, నైట్రైట్ స్ట్రిప్ గులాబీ రంగుకు తిరిగింది. నాకు టెన్షన్ మొదలైంది. అమోనియా పూర్తిగా నైట్రేట్‌గా మారకుండా మధ్యలో ఆగిపోతోందని అర్థం. వెంటనే 37కి పెంచాం. మూల కదిలింది, రెండు రోజుల్లో స్ట్రిప్ తెల్లబడింది.

దాంతో పాటు పైసా ఖర్చు లేని పని ఇంకొకటి. లిఫ్టింగ్ పంపు ఫ్లోట్ మీద నడుస్తూ ఉదయం వచ్చిందంతా ఒకేసారి బ్యాక్టీరియా మీద పోస్తోంది. ఈక్వలైజేషన్ ట్యాంకు ఉన్నదే ఆ ఎత్తుపల్లాలను సమం చేయడానికి. పంపుకు టైమర్ పెట్టి, వాల్వు సగం మూసి, గంటకు 4 కిలోలీటర్ల చొప్పున 24 గంటలూ వెళ్లేలా సర్దాం. ఫ్లషింగ్ ట్యాంకుకు ఫ్లోట్ వాల్వు పెట్టించాం, పొంగి వెనక్కి రావడం ఆగింది.

మే 4

రెండు వారాల రీడింగులు స్థిరంగా ఉన్నాయి. బ్లోవర్ 141 నుంచి 106 యూనిట్లకు వచ్చింది. రోజుకు 35 యూనిట్లు, నెలకు 9,450 రూపాయలు మిగులుతున్నాయి. డ్రైవ్ ఖర్చు అయిదు నెలల్లో వచ్చేస్తుంది. బయటి బీఓడీ 9, అమోనియా 1.5 నుంచి 2.5 అయింది. అది నాకు సమ్మతమే.

కిలో బీఓడీకి 8.3 యూనిట్ల నుంచి 6.7కి దిగింది.

మే 11

ఇప్పుడు కార్బన్ లెక్క. ఇదే అన్నిటికన్నా కష్టమైన భాగం.

కరెంటుది సులువు. మన గ్రిడ్ యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్. పాత 177 యూనిట్లకు రోజుకు 124 కిలోలు, ఇప్పటి 142కి 99.

మీథేన్‌కు ఐపీసీసీ (వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం) పద్ధతి వాడాను. కిలో బీఓడీ పూర్తిగా గాలి లేకుండా కుళ్లితే 0.6 కిలోల మీథేన్ వస్తుంది. గాలి కొట్టే ప్లాంట్లలో అందులో 3 శాతమే బయటపడుతుందని ఆ పద్ధతికి వచ్చిన 2019 సవరణ చెప్తుంది. మీథేన్ కిలో 27 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం కాబట్టి, మాకు రోజుకు సుమారు 11 కిలోలు.

నైట్రస్ ఆక్సైడ్ దగ్గరే ఆగిపోయాను. ఇది కార్బన్ డయాక్సైడ్ కన్నా 273 రెట్లు బలమైన వాయువు. మా మురుగులో రోజుకు 4.4 కిలోల నత్రజని ఉంటుంది. ఐపీసీసీ 2019 లెక్కన అందులో 1.6 శాతం ఇలా గాలిలో కలుస్తుందనుకుంటే 30 కిలోలు. కానీ ఆ 1.6కి వాళ్లే ఇచ్చిన హద్దులు 0.016 నుంచి 4.5 శాతం వరకు. పై హద్దు తీసుకుంటే 85 కిలోలు. నేను ఇంత కష్టపడి కరెంటులో తగ్గించింది 25 కిలోలు. ఆక్సిజన్ తగ్గి నైట్రైట్ పేరుకున్నప్పుడే ఈ వాయువు ఎక్కువవుతుంది. 33 హెర్ట్జ్ దగ్గర ఆ గులాబీ రంగు చూసి నేను భయపడింది అందుకే. అక్కడే ఉండిపోయి ఉంటే బిల్లులో పొదుపు కనిపించేది, గాలిలో నష్టం ఎవరికీ కనిపించేది కాదు. అందుకని ఇక నుంచి నైట్రైట్ స్ట్రిప్‌ను రోజువారీ రిజిస్టర్‌లో చేర్చాం.

కరెంటు ఒక్కటే చూసి ప్లాంట్లకు మార్కులు వేయడం ఎందుకు తప్పో ఇక్కడ బాగా తెలుస్తుంది. యూఏఎస్‌బీ అనే పద్ధతి ఉంది. నెదర్లాండ్స్‌లో లెటింగా బృందం 1970ల్లో అభివృద్ధి చేసింది. వెచ్చటి దేశాలకు బాగా నప్పుతుందని 1989లో కాన్పూర్‌లో 5 ఎంఎల్‌డీ (రోజుకు 5 మిలియన్ లీటర్ల) ప్లాంటు పెట్టారు. మన అంబర్‌పేట్‌లోని పాత 339 ఎంఎల్‌డీ ప్లాంటూ ఈ పద్ధతిదే. మొదటి దశలో గాలి కొట్టే పనే ఉండదు, కరెంటు చాలా మిగులుతుంది. కానీ అక్కడ బ్యాక్టీరియా చేసే పనే మీథేన్ తయారీ. మా 22 కిలోల బీఓడీని అలాంటి రియాక్టర్‌లో పెడితే ఐపీసీసీ లెక్కన రోజుకు 10.6 కిలోల మీథేన్, అంటే 285 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. దాన్ని పట్టి ఇంజిన్‌లో కాలిస్తే ఆ ప్లాంటు బంగారం, వదిలేస్తే మా బ్లోవర్ కన్నా ఎంతో చెడ్డది. పద్ధతి పేరు చూసి తీర్పు చెప్పలేం, గ్యాస్ ఎటు పోతోందో చూడాలి.

మే 31

నాకు నిద్ర పట్టని రోజు. నెలాఖరు లెక్క ట్రెజరర్ గారికి ఇచ్చాను. ఆయన చూసి, "ఏంటమ్మా, డ్రైవ్ పెట్టాక ఖర్చు పెరిగింది? నలభై ఉన్నది నలభై అయిదు అయింది" అన్నారు.

నిజమే. పిల్లలకు సెలవులు, సగం మంది ఊళ్లకు వెళ్లారు. రోజుకు 78 కిలోలీటర్లే వచ్చాయి. మొత్తం ఖర్చు 1,15,200 నుంచి 1,05,750కి తగ్గింది, కానీ జీతాలు, రిపేర్లు, బ్లోవర్ కరెంటు మనుషులు లేరని తగ్గవు. కిలో బీఓడీ లెక్కన చూసినా 180 నుంచి 205కి పెరిగింది. ప్లాంటు ఏ తప్పూ చేయలేదు.

అక్కడ ఉన్న ఒకాయన, "అయితే ఒక ఆపరేటర్‌ను తీసేస్తే సరి" అన్నారు. ఖర్చు తగ్గించాలంటే మొదట చూపు జీతాల మీదకే పోతుంది. నేను ఒప్పుకోలేదు. రాత్రి మూడింటికి సీసా నింపినవాడు, మూల చక్రాలు ఆగిపోయాయని నాకు ఫోన్ చేసినవాడు ఆ అబ్బాయే. ఆ రోజు ఎవరూ చూడకపోతే బ్యాక్టీరియా చచ్చి ప్లాంటు మళ్లీ నిలదొక్కుకోవడానికి వారాలు పట్టేది. వాదన గంటసేపు సాగింది. చివరికి ట్రెజరర్ గారే, "ఉండనివ్వండి, అమ్మాయి చెప్పేది వినండి" అన్నారు.

ఈ నెల నుంచి పట్టికను మార్చాను. మారని ఖర్చు ఒక వరుస, నీళ్లతో పాటు మారే ఖర్చు ఇంకో వరుస. పక్కన వచ్చిన నీళ్లు, తీసిన బీఓడీ, తిరిగి వాడిన నీళ్లు. అన్నిటినీ కలిపి ఒకే అంకెగా ఇవ్వడం మానేశాను.

జూన్ 14

58 కిలోలీటర్ల సంగతి. తోటలో సగం ఇంకా బోరు నీళ్లతోనే తడుపుతున్నారని తెలిసి, ఆ 6 కిలోలీటర్లు మార్చాం. పక్కనే ఒక బిల్డింగ్ కడుతున్నారు. సైట్ ఇంజినీర్‌ను కలిస్తే, "క్లోరైడ్ రిపోర్టు ఇవ్వండి మేడం, క్యూరింగ్‌కు తీసుకుంటాం" అన్నారు. సరైన ప్రశ్న అడిగారనిపించింది. ఇనుము ఉన్న కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదని కాంక్రీటు పనులకు ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెప్తుంది. మాది 260. పనిరోజుల్లో రెండు ట్యాంకర్లు, 20 కిలోలీటర్లు తీసుకెళ్తున్నారు. డబ్బు తీసుకోవడం లేదు, పంపు కరెంటు కూడా అడగలేదు. వాళ్లు బోరు వేయకుండా ఉంటే మాకదే చాలు.

వాడుకున్న నీరు నెలకు 1,140 నుంచి 1,840 కిలోలీటర్లకు చేరుతుంది. ఆ లెక్కన 101 రూపాయలు ఉన్నది 57కి వస్తుంది.

జూన్ 30

వానలు మొదలయ్యాయి. తోటకు నీళ్లు అక్కర్లేదు. 57 నిలవదని తెలిసిందే.

జులై 7

నిన్న గట్టి వాన. పొద్దున రిజిస్టర్ చూస్తే 131 కిలోలీటర్లు. ఆ రోజు ఖర్చు కిలోలీటరుకు 27 రూపాయలు! మే నెలలో ఏ తప్పూ చేయని ప్లాంటు చెడ్డగా కనిపించింది, ఇప్పుడు ఏ గొప్పా చేయని ప్లాంటు అద్భుతంగా కనిపిస్తోంది. కాంపోజిట్ తీయించాం: లోపలి బీఓడీ 168. 131తో గుణిస్తే 22 కిలోలు, ఎప్పటిలాగే. మురికి పెరగలేదు, మంచి వాన నీళ్లు మురుగులో కలిశాయి. కిలో బీఓడీ ఖర్చు మాత్రం, డ్రైవ్ పెట్టాక మామూలు రోజుల్లో ఉండే 165 దగ్గరే కదలకుండా ఉంది. వానకు మోసపోని కొలత అదొక్కటే.

అదనంగా వచ్చింది 35 కిలోలీటర్లు. టెర్రస్ మీద పెట్టిన గేజ్‌లో 50 మిల్లీమీటర్లు. భాగిస్తే 700 చదరపు మీటర్లు. మా ఒక్కో బ్లాకు టెర్రస్ దాదాపు అంతే.

ఆపరేటర్ తమ్ముడూ నేనూ గొడుగులు పట్టుకుని అయిదు బ్లాకుల చాంబర్లు తెరిచి చూశాం. ఎ, బి, డి, ఇ బ్లాకుల్లో టెర్రస్ పైపులు ఇంకుడు గుంతల వైపు వెళ్తున్నాయి. సి బ్లాకు దగ్గర పైపు తిన్నగా మురుగు చాంబర్‌లోకి దిగింది. కట్టినప్పటి నుంచీ అలాగే ఉండాలి. ఇంకుడు గుంత దానికి నాలుగడుగుల దూరంలోనే, పొడిగా ఉంది.

ప్లంబర్ రేపు పది గంటలకు వస్తానన్నాడు. పైపు మళ్లించాక వచ్చే మొదటి వానకు మట్టం కొలవడానికి టేపు మూత పక్కనే వేలాడదీసి వచ్చాం.